ఇంటిపన్ను కాగితం ఏ భాషలో వస్తుంది?

గ్రామ పాలన గురించి రాసేవాళ్లు మామూలుగా నిధుల గురించీ అధికారాల గురించీ రాస్తారు. పైనుంచి వచ్చే కాగితం ఇంట్లో ఎవరి చేతికి వస్తుంది, దాన్ని ఎవరు చదువుతారు, చదవలేకపోతే ఎవరు తలవంచుకుని పక్కింటికి వెళ్లి అడగాలి అన్నది వాళ్లకు పెద్ద ప్రశ్నగా తోచదు. బ్రిటన్‌లోని వేల్స్‌లో ఒక స్త్రీ సరిగ్గా ఈ ప్రశ్న మీదే ఎనిమిదేళ్లు నిలబడింది. ఆమె పేరు ఐలీన్ బీజ్లీ. ఊరు కార్మార్థెన్‌షైర్‌లోని లాంగెన్నెఖ్. (ఆ పేరులోని మొదటి ధ్వని మనకు పలకదు. నాలుక పక్కల నుంచి గాలి వదలాలి. తెలుగులో ఇంతకంటే దగ్గరగా రాయడం నా వల్ల కాలేదు.)

ఐలీన్ టీచరు. భర్త ట్రెవర్ బొగ్గుగని కార్మికుడు. పెళ్లయిన కొత్తలో, 1952లో, లాంగెన్నెఖ్‌లో కాపురం పెట్టారు. లానెల్లి గ్రామీణ జిల్లా కౌన్సిల్ నుంచి ఇంటిపన్ను నోటీసు వచ్చింది, మొత్తం ఇంగ్లీషులో. మా భాషలో, అంటే వెల్ష్‌లో పంపండి, కడతాం అని జవాబు రాశారు. పన్ను కట్టమని వాళ్లు అనలేదన్న సంగతి గుర్తుంచుకోవాలి. కౌన్సిల్ ఒప్పుకోలేదు. కోర్టు సమన్లు వచ్చాయి. పన్నెండు సార్లకు మించి కోర్టు మెట్లెక్కారు. అమీనాలు వచ్చి సామాను జప్తు చేసుకుపోయారు. ఒకసారి పియానో, ఒకసారి కుర్చీలు, తివాచీ. ఇంట్లో చిన్నపిల్లలు. మగమనిషి గనిలోకి దిగిపోయాక అమీనాలకు తలుపు తీసేదెవరో, బోసిపోయిన ముందుగదిలో పిల్లల్ని ఆడించేదెవరో వేరే చెప్పాలా! చివరకు 1960లో వెల్ష్, ఇంగ్లీషు రెండు భాషల్లోనూ అచ్చయిన నోటీసు వాళ్లింటికి వచ్చింది.

ఇందులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన విషయం వేరే ఉంది. ఆ ప్రాంతంలో అప్పట్లో పదిమందిలో తొమ్మిదిమంది వెల్ష్ మాట్లాడేవాళ్లే. కౌన్సిల్ సభ్యులూ, ఉద్యోగులూ అందరూ వెల్ష్ వచ్చినవాళ్లేనని రచయిత సాండర్స్ లూయిస్ తన రేడియో ప్రసంగంలో గుర్తుచేశాడు. అంటే పరాయివాడెవడో వచ్చి పరాయిభాష రుద్దలేదు. దారిలో కనిపిస్తే వెల్ష్‌లో పలకరించే పొరుగువాడే కుర్చీలో కూర్చోగానే ఇంగ్లీషు కాగితం పంపాడు. అధికారానికి ఒక భాష ఉండాలి, అది ఇంటి భాష కాకూడదు అన్న నమ్మకం అది. వంటింటి భాషకు గౌరవం లేకపోవడానికీ, వంటింట్లో ఉండే మనిషికి గౌరవం లేకపోవడానికీ మధ్య చుట్టరికం ఎంత దగ్గరిదో మన పాఠకులకు విడమర్చి చెప్పనక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో అధికార భాషా చట్టం వచ్చింది 1966లో. ఆ తర్వాత కూడా ఇంగ్లీషు కాగితం మీద వేలిముద్ర వేసిన, సంతకం పెట్టిన స్త్రీలు మనకు కొత్త కాదు. ఆ ఆఫీసుల్లోనూ అందరికీ తెలుగు వచ్చు.

చరిత్ర ఈ కథను ఎలా రాసుకుందో కూడా చూడాలి. సాండర్స్ లూయిస్ ఆ ప్రసంగం చేసింది 1962 ఫిబ్రవరిలో. వెల్ష్ భాష చచ్చిపోకుండా ఉండాలంటే బీజ్లీ దంపతులు చేసిన పనే ఉద్యమంగా చెయ్యాలన్నాడు. ఆ ఏడే వెల్ష్ భాషా సంఘం పుట్టింది. 1967లో, 1993లో భాషా చట్టాలు వచ్చాయి. 2011లో వెల్ష్‌కు అధికార హోదా వచ్చింది. పుస్తకాల్లో ఈ వరస చాలాసార్లు ప్రసంగంతో మొదలవుతుంది. మాట్లాడిన మగవాడు ప్రవక్త, ఎనిమిదేళ్లు అనుభవించిన స్త్రీ ఆయన ప్రసంగంలో ఉదాహరణ. 2012లో ఐలీన్ చనిపోయింది. ఆమెను వేల్స్ రోజా పార్క్స్ అంటుంటారు. ఎందుకో ఆ పోలిక నాకు రుచించదు. రోజా పార్క్స్ పోరాటం జాతి అణచివేత మీద, దాని బరువు దానిది. ఐలీన్‌కు ఇంకొకరి పేరు అరువివ్వక్కర్లేదు. పోరాటం సాగుతుండగానే ఆమె అదే కౌన్సిల్‌కు సభ్యురాలిగా ఎన్నికైంది. ఈ సంగతి మాత్రం చాలా తక్కువ మంది చెప్తారు. సామాను పోగొట్టుకున్న ఇల్లాలిగా ఆమె అందరికీ గుర్తుంది, రాజకీయ కార్యకర్తగా గుర్తులేదు.

ఆ గ్రామీణ జిల్లా కౌన్సిళ్లు 1974లో రద్దయిపోయాయి. ఇప్పుడు వేల్స్‌లో పైన 22 ప్రధాన కౌన్సిళ్లు, కింద ఏడువందలకు పైగా కమ్యూనిటీ, టౌన్ కౌన్సిళ్లు ఉన్నాయి. కమ్యూనిటీ కౌన్సిల్ అంటే దాదాపు మన గ్రామ పంచాయితీ, అధికారాలు మాత్రం ఇంకా తక్కువ. పిల్లల ఆటస్థలం, శ్మశానం, బస్సు షెల్టరు, ఊరి హాలు లాంటివి చూస్తుంది. ఇళ్ల ప్లాన్ల మీద అభిప్రాయం చెప్తుంది, నిర్ణయం పైవాళ్లది. బడులు, రోడ్లు కూడా పైవాళ్ల చేతుల్లోనే ఉంటాయి.

బడి అన్నాను కనుక మళ్లీ లాంగెన్నెఖ్‌కే రావాలి. 2017లో కార్మార్థెన్‌షైర్ కౌన్సిల్ ఆ ఊరి ప్రాథమిక పాఠశాలలో ఇంగ్లీషు మీడియం తీసేసి పూర్తిగా వెల్ష్ మీడియం చేయాలని నిర్ణయించింది. ఊరు రెండుగా చీలింది. 2021 జనాభా లెక్కల ప్రకారం వేల్స్ మొత్తంలో వెల్ష్ వచ్చినవాళ్లు 17.8 శాతమే. బడి లేకపోతే ఆ భాష బతకదు, కనుక నేను వెల్ష్ బడి వైపే. కానీ ఇంగ్లీషు తప్ప ఇంకోటి రాని తల్లి, బిడ్డ పుస్తకం తెరిచి అర్థంకాక కూర్చుంటే, ఆమె భయాన్ని భాషా ద్వేషం అని కొట్టిపారేయడం న్యాయం కాదు. బడి కాగితం చదవాల్సింది ఎక్కువగా తల్లే. పౌరురాలికి అర్థమయ్యే భాషలో మాట్లాడాల్సిన బాధ్యత కౌన్సిల్‌దే అని 1952లో ఐలీన్ పెట్టిన కొలత ఈ తల్లికీ వర్తిస్తుంది.

ఇంకో సంగతి. 2020 ఆగస్టు 26 రాత్రి లాంగెన్నెఖ్ దగ్గర డీజిల్ తీసుకెళ్తున్న రైలు పట్టాలు తప్పి అంటుకుంది. ఒక వ్యాగన్ బ్రేకులు వదలకుండా పట్టేసి ఉండడం దీనికి కారణమని విచారణలో తేలింది. మూడు లక్షల లీటర్లకు పైగా డీజిల్ ఒలికిపోయింది. కొన్నివందల మందిని ఇళ్లు ఖాళీ చేయించారు. పక్కనే లఖర్ నది సముద్రంలో కలిసే చోటు. అక్కడ కాకిల్ అనే గుల్లలు దొరుకుతాయి, మన గోదావరి తీరంలో బుడితగుల్ల అంటామే, అలాంటివి. వాటి సేకరణ కొంతకాలం ఆపేశారు. ఒకప్పుడు ఆ గుల్లలు ఏరడం అవతలి ఒడ్డున పెన్‌క్లౌద్ గ్రామ స్త్రీల పని. ఆటుపోట్లు చూసుకుని గాడిదలతో ఇసుకమేటల మీదికి వెళ్లి ఏరి, ఉడకబెట్టి, తలమీద మోసుకుపోయి స్వాన్సీ బజారులో అమ్మేవాళ్లు. 1960లలో లైసెన్సులు వచ్చాయి, బండ్లు వచ్చాయి, పని మెల్లగా మగవాళ్ల చేతికి పోయింది. నష్టపోయినవాళ్ల జాబితా రాసేటప్పుడు లైసెన్సు ఎవరి పేరున ఉందో చూస్తారు తప్ప ఆ పని ఎవరు పుట్టించారో చూడరు.

మరి ఈ కింది కౌన్సిళ్లలో స్త్రీలు ఎందరు? రిజర్వేషన్ లేదు. చాలా చోట్ల పోటీయే ఉండదు. నిలబడినవాళ్లు నిలబడినట్టే గెలుస్తారు, మిగిలిన ఖాళీల్లో సభ్యులే తమకు తెలిసినవాళ్లను తెచ్చి కూర్చోబెట్టుకుంటారు. తెలిసినవాళ్లంటే ఎవరు? ఇక్కడ మనవాళ్లు నవ్వుకోవచ్చు. మనకు 73వ సవరణ 1993లోనే అమల్లోకి వచ్చింది, ఆంధ్రప్రదేశ్‌లో 2011లో సగం సీట్లయ్యాయి. కానీ మన దగ్గర కుర్చీ భార్యది, మాట భర్తది అన్న పరిస్థితి ఎన్ని ఊళ్లలో లేదు? అక్కడేమో సభ్యుల పిల్లల్నో ముసలివాళ్లనో చూసుకునే మనిషికయ్యే ఖర్చు కమ్యూనిటీ కౌన్సిల్ సైతం తిరిగి చెల్లించాలన్న నియమం ఉంది. 2021 చట్టం వచ్చాక ఇంటినుంచే మీటింగులో పాల్గొనొచ్చు. ఇది చిన్న విషయం కాదు. సాయంత్రం ఏడింటికి మీటింగంటే అన్నం వండేదెవరు అన్న ప్రశ్న చట్టంలోకి ఎక్కిందన్నమాట. మన సర్పంచులకూ వార్డు సభ్యులకూ ఇలాంటి ఏర్పాటు అడగాలని ఎన్ని సంఘాలు అనుకున్నాయి?

పై మెట్టు సంగతి చూస్తే 2003లో వేల్స్ జాతీయ అసెంబ్లీకి 30 మంది స్త్రీలు, 30 మంది పురుషులు ఎన్నికయ్యారు, ప్రపంచంలో మొదటిసారిగా. ఆ సమానత నిలవలేదు. అభ్యర్థుల జాబితాల్లో స్త్రీలకు కోటా పెట్టే బిల్లును 2024 మార్చిలో ప్రవేశపెట్టారు. సమాన అవకాశాల అంశం లండన్ పార్లమెంటు చేతిలో ఉంది, అలాంటి చట్టం చేసే అధికారం వేల్స్‌కు లేదన్న అభ్యంతరం వచ్చింది. అదే ఏడు సెప్టెంబరులో ప్రభుత్వం బిల్లును వెనక్కి తీసుకుంది. ఆ బిల్లు పైసభ సీట్ల గురించి మాత్రమే. లాంగెన్నెఖ్ లాంటి ఊళ్ల కౌన్సిళ్ల ఊసు అందులో మొదటినుంచీ లేదు.