ఇంట తిరుగాడే మూగజీవి: కడుపుతో ఉందన్న అనుమానం కలిగితే



గుత్తి ప్రాంతం నుండి ఒక సోదరి మాకు ఉత్తరం వ్రాశారు. వేరుశనగ బస్తాలను ఎలుకల బారి నుండి కాపాడటానికి వారు ఒక పిల్లిని తెచ్చుకున్నారు. దానికి ఇంకా ఏడాది నిండలేదు. కొద్ది రోజులుగా దాని పొట్ట పెద్దదిగా కనిపిస్తున్నది. అదే సమయంలో వారి కుమార్తె పురిటికి పుట్టింటికి వచ్చి ఉన్నది. "ఒకే ఇంట రెండు కడుపులు మంచిది కాదు. పిల్లలు పెట్టకముందే దాన్ని సంచిలో వేసి ఊరి బయట వదిలిపెట్టండి" అని ఇరుగుపొరుగు వారు చెబుతున్నారట. ఏమి చేయమంటారని ఆ సోదరి ప్రశ్న.

సమాధానం చెప్పే ముందు మా తప్పు ఒకటి ఒప్పుకోవలసి ఉన్నది. కొన్నేళ్ల క్రితం మేము పాఠాలు చెప్పే మదర్సాలో ఒక చిన్న పిల్లి వంటగదిని ఆశ్రయించుకుని ఉండేది. దాని పొట్ట పెరగటం చూసి, కూనల బెడద ఎక్కడ మొదలవుతుందోనని మేము విసుక్కున్నాము. రెండు మూడు రోజులు అది కనబడలేదు. తిరిగి వచ్చినప్పుడు పొట్ట జారిపోయి, ఒళ్లు చిక్కి ఉన్నది. మేము అదేమిటని ఆలోచించలేదు. విద్యార్థులతో గోనెసంచిలో పట్టించి, ఎండిపోయిన చెరువు అవతల వదిలి రమ్మన్నాము. మరునాడు కట్టెల మోపుల వెనుక నుండి సన్నని అరుపులు వినిపించాయి. కళ్లు తెరవని నాలుగు కూనలు! రెండు అప్పటికే చనిపోయాయి. మిగిలిన రెంటికి ఆవుపాలు పట్టించాము, అవీ దక్కలేదు. తల్లి కోసం వెదకించాము, దొరకలేదు.

ఆ వారమే మేము తరగతిలో బోధించిన హదీసు వేరొకటి కాదు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) ఉల్లేఖనం అబూదావూద్ గ్రంథంలో ఉన్నది. ఒక ప్రయాణంలో సహచరులు పక్షి పిల్లలను రెంటిని పట్టుకున్నారు. తల్లి పక్షి రెక్కలు కొట్టుకుంటూ వారి చుట్టూ తిరగసాగింది. దైవప్రవక్త (స) అది చూసి, బిడ్డల విషయంలో ఆ తల్లిని బాధ పెట్టినదెవరని అడిగి, పిల్లలను తిరిగి ఇచ్చివేయమని ఆదేశించారు. నోటితో పాఠం చెబుతూ చేతితో దానికి విరుద్ధంగా నడిచిన వారము మేము. అందుకే ఈ ఉత్తరాన్ని పక్కన పెట్టలేకపోయాము.

మొదటి మాట: అపశకునాలకు మన ధర్మంలో చోటు లేదు. రెండవ మాట: పిల్లి అపరిశుభ్రమైన జంతువు కాదు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) వుజూ నీటి పాత్రను పిల్లి తాగటానికి వీలుగా వంచారు. కోడలు కబ్షా ఆశ్చర్యంగా చూస్తుంటే, పిల్లి అపరిశుభ్రం కాదని, అది మీ చుట్టూ తిరుగాడే ప్రాణుల్లో ఒకటని దైవప్రవక్త (స) చెప్పిన విషయాన్ని ఆయన తెలిపారు. ఇంట తిరుగాడేదాని క్షేమం ఇంటివారి బాధ్యతే.

ఇక గుర్తించటం ఎలాగో చూద్దాము. పిల్లి నాలుగైదు నెలల వయస్సులోనే ఎదకు రావచ్చు. కనుక "ఇది ఇంకా కూన" అన్న ధీమా పనికిరాదు. ఎదకు వచ్చినప్పుడు అది రాత్రింబవళ్లు అరుస్తుంది, నేల మీద దొర్లుతుంది, బయటకు పోవటానికి తహతహలాడుతుంది. ఆ అరుపులు ఆగిపోయిన సుమారు మూడు వారాలకు చనుమొనలు ఉబ్బి గులాబీ రంగుకు తిరిగితే గర్భమని అనుమానించవచ్చు. అయిదవ వారానికి పొట్ట కంటికి తెలుస్తుంది, ఆకలి పెరుగుతుంది. గర్భకాలం రమారమి 63 నుండి 65 రోజులు. ఎద అరుపులు విన్న తేదీని గోడమీది క్యాలెండరులో గుర్తు పెట్టుకుంటే కాన్పు ఎప్పుడో అంచనాకు వస్తుంది.

అయితే ఉబ్బిన ప్రతి పొట్టా గర్భం కాదు. చిన్న పిల్లుల్లో కడుపులో పురుగులున్నా పొట్ట ఉబ్బుతుంది. జబ్బు వల్ల నీరు చేరవచ్చు. గర్భసంచిలో చీము పట్టినా పొట్ట పెరగవచ్చు. అప్పుడు పిల్లి నీరసించి, తిండి మాని, నీళ్లు ఎక్కువగా తాగుతుంది. అది ప్రాణాపాయం. అందుచేత అనుమానం కలిగిన వెంటనే పశువైద్యునికి చూపించాలి. మూడు, నాలుగు వారాలకు వైద్యుడు చేతితో తడిమి గాని, స్కానింగు ద్వారా గాని చెప్పగలరు. 45 రోజులు దాటాక ఎక్స్‌రేలో కూనల సంఖ్య కూడా తెలుస్తుంది. ఇంట్లోవారు మాత్రం పొట్టను నొక్కి చూడరాదు.

గర్భమని తేలితే ఆహారం పెంచాలి. ఏడాది నిండని పిల్లి తానూ ఎదుగుతూ కూనలనూ మోస్తున్నది కదా! ఉడికించిన కోడిమాంసం, చేప, గ్రుడ్డు కొద్దికొద్దిగా పలుమార్లు పెట్టండి. స్తోమత ఉన్నవారు పిల్లికూనల కోసం అమ్మే ఆహారం కొనవచ్చు. ఉల్లి, వెల్లుల్లి పడిన సాలన్ పెట్టకండి. అవి పిల్లికి విషం. ఆవుపాలు చాలా పిల్లులకు విరేచనాలు కలిగిస్తాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన కురిసే మా అనంతపురం మెట్టలో బయట గుక్కెడు నీరు దొరకటం కష్టం. నీడన మట్టి మూకుడులో మంచినీరు ఎప్పుడూ ఉంచండి.

మందుల విషయంలో జాగ్రత్త వహించండి. మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ ఒక్క బిళ్ల పిల్లి ప్రాణం తీయగలదు. కుక్కల పిడుదులకు వాడే మందు పూయరాదు. పురుగుల మందైనా, టీకా అయినా వైద్యుడు చెబితేనే. వేరుశనగ బస్తాల మధ్య ఎలుకల మందు పెట్టే అలవాటు మన ఇళ్లలో ఉన్నది. మందు తిన్న ఎలుకను పిల్లి తింటే తల్లీ కూనలూ ప్రమాదంలో పడతారు. పిల్లి ఉన్న ఇంట ఆ మందు వద్దు.

కాన్పుకు వారం పది రోజుల ముందు పాత బట్టలు పరచిన అట్టపెట్టెను ఎవరూ మసలని మూల పెట్టండి. రేకుల కప్పు కింద మాత్రం పెట్టకండి. మన ఎండలకు కూనలు తాళలేవు. నొప్పులు మొదలయ్యాక దూరం నుండి గమనిస్తే చాలు. గట్టిగా ముక్కుతూ అరగంట గడిచినా కూన బయటకు రాకపోయినా, కూన సగంలో చిక్కుకున్నా, రక్తం ధారగా పోయినా, మొదటి కూనకు ముందే ఆకుపచ్చని స్రావం కనబడినా ఆలస్యం చేయకుండా వైద్యుని పిలవాలి. దగ్గరలోని పశువైద్యశాల ఎక్కడో, అది ఎప్పుడు తెరిచి ఉంటుందో ముందే తెలుసుకోండి. సంచార పశువైద్య వాహనం కోసం 1962 నంబరుకు ఫోను చేసి అడగవచ్చు.

ఒక హెచ్చరిక మా అనుభవం నుండి. పొట్ట హఠాత్తుగా జారిపోయి, చనుమొనల చుట్టూ వెంట్రుకలు తడిసి, పిల్లి ఒకే దిక్కుకు పదే పదే పోతుంటే అది ఎక్కడో పిల్లలు పెట్టినట్లే. ఆ సమయంలో దాన్ని బంధించకండి, తరమకండి. అది పోయే దారిని చూసి కూనలను కనుగొనండి.

కుమార్తె విషయం. పిల్లి మలం ద్వారా సోకే టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి కడుపులోని బిడ్డకు హాని చేయగలదన్నది నిజమే. కాని అందుకు పిల్లిని వెళ్లగొట్టనవసరం లేదు. దాని మలం పడిన ఇసుకను గర్భిణి ముట్టకూడదు. ఇంట్లో వేరొకరు ప్రతిదినం తీసివేయాలి. మలంలోని ఆ క్రిమి సోకే స్థితికి రావటానికి కనీసం ఒక రోజు పడుతుంది గనుక ఏ రోజుది ఆ రోజే తీయటం ముఖ్యం. పెరటి మట్టి, సరిగా ఉడకని మాంసం ద్వారా కూడా అది సోకుతుంది. చేతులు సబ్బుతో కడుక్కోవటం, మాంసం బాగా ఉడికించటం పిల్లి లేని ఇంట్లోనూ అవసరమే.

కూనలను కనీసం ఎనిమిది వారాల వరకు తల్లి నుండి వేరు చేయకండి. ఆ తరువాత సాకేవారిని వెదికి ఇవ్వండి. పాలిస్తుండగానే తల్లి మళ్లీ కడుపు దాల్చగలదు. కనుక అంతవరకు మగపిల్లిని దగ్గరకు రానివ్వరాదు. కూనలు పాలు మానాక సంతాన నిరోధక శస్త్రచికిత్స గురించి వైద్యుని సంప్రదించండి. ఇది ధర్మసమ్మతమేనా అని కొందరు సందేహిస్తారు. ఉలమాలలో భిన్నాభిప్రాయాలు ఉన్నమాట వాస్తవం. ఔరంగజేబు కాలంలో సంకలనమైన హనఫీ గ్రంథం ఫతావా ఆలంగీరీలో ప్రయోజనం కోసం గాని, హాని నివారణకు గాని పిల్లికి బీజాలు తీయించటంలో దోషం లేదని ఉన్నది. ఆడ పిల్లి విషయంలోనూ ఈ ఆధారం మీద అనుమతి ఉందని మేము భావిస్తున్నాము. పుట్టిన కూనలను ఏటేటా సంచుల్లో వేసి పారవేయటం కంటే ఇది ఎంతో మేలు.

సోదరీ! పిల్లిని కట్టివేసి, తిండి పెట్టక, తిరిగి తిననీయక చంపిన స్త్రీ శిక్షకు గురైనదని బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉన్నది. దాహంతో ఉన్న కుక్కకు బావినీరు తాగించిన వ్యక్తికి మన్నింపు లభించిందనీ అక్కడే ఉన్నది. మీ కుమార్తెకు మెత్తని పక్క వేసే చేతులతోనే బస్తాల చాటున ఒక పాత గుడ్డ పరచండి. అల్లాహ్ మీ కుమార్తెకు సుఖప్రసవాన్ని ప్రసాదించుగాక. మా పొరపాటును మన్నించుగాక. ఆమీన్.