క్రొత్త నగరములో ఇల్లు: కాలినడకయే కొలబద్ద

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అని మన పెద్దలు చెప్పిరి. నేటి యువకులకు ఇల్లు కట్టుటకంటె ముందుగానే ఎదురగు పరీక్ష మరియొకటి కలదు. అది ఎరుగని నగరములో అద్దె ఇల్లు వెదకుకొనుట. మన పెదకాకాని ప్రాంతమునుండి పట్టభద్రులైనవారు గుంటూరునకు, విజయవాడకు, హైదరాబాదునకు ఉద్యోగార్థులై పోవుచున్నారు. పోవువారు అద్దె ఎంత, గదులు ఎన్ని, నీటికి ఇబ్బంది లేదు కదా అని అడుగుదురు. ఇవి అడుగదగిన ప్రశ్నలే. కాని ఆ ఇంటినుండి కాలినడకన ఎక్కడెక్కడికి పోవచ్చునని అడుగువారు అరుదు. ఆ ప్రశ్నయే అన్నింటికంటె ముందు అడుగవలెనని నా అభిప్రాయము. ఏలయన, మనబోటి కుటుంబములలో బండి నడుపువాడు తరచుగా ఒక్కడే. బండి లేనివారు నలుగురు. ఇల్లు ఎచ్చట ఉండవలెనో నిర్ణయించునది ఆ ఒక్కడు. ఆ నిర్ణయపు బరువును దినదినము మోయువారు ఆ నలుగురు.

పల్లెలో పెరిగినవారికి నడక ఒక సౌకర్యమని తోచదు. మన ఊరిలో మల్లేశ్వరస్వామి ఆలయమునకైనను, బాజీబాబా దర్గాకైనను, పాఠశాలకైనను, కిరాణా కొట్టుకైనను జనులు నడచియే పోవుదురు. వృద్ధురాలైన అమ్మమ్మయో, నానీయో ఎవరి తోడును కోరక ఇరుగుపొరుగు ఇండ్లకు పోయి వచ్చును. పదేండ్ల పిల్లవాడు పెరుగు తెచ్చును. ఈ స్వేచ్ఛకు మనము వెల కట్టలేదు. ఎన్నడును దానిని కోల్పోలేదు గనుక. నగరము చివర, ప్రధాన రహదారి ప్రక్కన, చుట్టును ఖాళీ స్థలములుగల అపార్టుమెంటులో కాపురము పెట్టిన మొదటి నెలలోనే దాని విలువ తెలియును. అప్పుడు పాల ప్యాకెట్టుకును కొడుకు బండి రావలయును. మందుబిళ్ళకును అల్లుని సెలవు కావలయును. ఇల్లు విశాలమే, గాలి వెలుతురు దండిగానే ఉండును. ఇంటిలోనివారు మాత్రము బందీలగుదురు.

మన భాషలలోని మాటలను చూడుడు. తెలుగున పేట, వాడ, ఉర్దూలో మొహల్లా. ఇవి గడపనుండి బయలుదేరిన మనిషి తన కాళ్ళతో చుట్టి రాగల ప్రదేశమునకు పెట్టిన పేర్లు. గుంటూరులోని బ్రాడీపేటను, అరండల్‌పేటను తీసికొనుడు. అచ్చటి వీధులు లైనులుగాను, అడ్డరోడ్లుగాను సంఖ్యలతో ఏర్పడియున్నవి. లైను సంఖ్యయు అడ్డరోడ్డు సంఖ్యయు తెలిసినచో క్రొత్తవాడైనను ఎవరిని అడుగకయే ఇల్లు చేరగలడు. వీధులు పొట్టివి, మలుపులు తరచుగా వచ్చును, ఒక దారి మూసికొనిపోయిన మరియొక దారి దొరకును. అమెరికాలో జేన్ జేకబ్స్ అను రచయిత్రి 1961లో నగరముల చావుబ్రతుకులను గూర్చి వ్రాసిన ప్రసిద్ధ గ్రంథములో ఈ మాటనే నొక్కి చెప్పినది. వీధుల మధ్య దూరము తక్కువగా ఉండవలెననియు, నివాసములు, దుకాణములు కలసి ఉండవలెననియు, వీధిని కనిపెట్టి చూచు కన్నులు ఉన్నప్పుడే ఆ వీధి క్షేమమనియు ఆమె వాదము. మన పాత పేటలలో అరుగుమీద కూర్చున్న పెద్దలును, కొట్టులో కూర్చున్న వర్తకుడును చేయుచు వచ్చిన పని అదియే.

“ఈ గుంటూరు ఎండలలో నడచువారెవరు?” అని కొందరు ప్రశ్నింతురు. ప్రశ్న న్యాయమైనదే. కాని ఎండ నిన్న మొన్న పుట్టినది కాదు. 1591లో చార్మినార్ వెలసిన హైదరాబాదు నాలుగు దిక్కుల బజారులతో నడకకే ఏర్పడిన నగరము. 1908 సెప్టెంబరులో మూసీ నది వరద ఆ నగరమును ముంచివేసిన పిదప, 1912లో నగరాభివృద్ధి సంస్థ ఒకటి ఏర్పడినది. ఆ కాలపు నిర్మాణములలో పత్తర్‌గట్టి ఒకటి. అచ్చటి దుకాణముల ముందు రాతి కమానుల వరండాలు కలవు. ఎండలోను వానలోను బాటసారి వాటి క్రింద నడచిపోవచ్చును. ఎండకు విరుగుడు నీడయే కాని నడక మానుట కాదు. వీధిలో వేపచెట్లున్నవా అని చూచుట గదిలో ఫ్యాను ఉన్నదా అని చూచుట వంటిదే.

ఇక డబ్బు లెక్క. ఊరి చివర ఇంటికి నెలకు రెండువేల రూపాయల అద్దె తగ్గుననుకొందము. అచ్చటినుండి ఇంటిలోని ఒక్కరు పాఠశాలకో పనికో ఆటోలో పోయి వచ్చుటకు దినమునకు ఎనుబది రూపాయలైనచో, ఇరువదియైదు దినములకు రెండువేలు. ఒక్కరితోనే లాభము చెల్లిపోయినది. రెండవవారి ప్రయాణము, బండి పెట్రోలు, పోయిన కాలము అన్నియు నష్టము క్రిందనే జమ. అద్దె కాగితముమీద కనబడును. ఈ ఖర్చు కనబడదు. అంతే భేదము.

డబ్బుకంటె గొప్ప విషయము ఆడపిల్లల చదువు. తెలంగాణలో 2023 డిసెంబరునుండి, మన రాష్ట్రములో 2025 ఆగస్టు 15నుండి ఆర్టీసీ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణ పథకములు ఆరంభమైనవి. ఇది మంచి మేలు. అయినను బస్సు గడప ముందుకు రాదు. ప్రతి ప్రయాణమునకు ఇంటివద్ద ఒక నడక, కళాశాలవద్ద ఒక నడక ఉన్నవి. సాయంకాలము ఆరు దాటిన పిదప దీపములు లేని అర కిలోమీటరు దారియున్నచో, తండ్రి మొదట ట్యూషను మాన్పించును, తరువాత కళాశాలయే మాన్పించును. ఉచితమైన బస్సు ఆ అర కిలోమీటరువద్ద వ్యర్థమగును. చిన్న పిల్లల విషయమున ప్రభుత్వము ఈ సంగతి గుర్తించినది. 2009 విద్యాహక్కు చట్టము క్రింద కేంద్రము రూపొందించిన నమూనా నిబంధనలలో అయిదవ తరగతి వరకు బడి ఒక కిలోమీటరు నడక దూరములోను, ఎనిమిదవ తరగతి వరకు మూడు కిలోమీటర్లలోను ఉండవలెనని కలదు. ప్రభుత్వము నడకతో కొలిచిన దానిని మనము అద్దెతో మాత్రమే కొలుచుట తగదు.

నడచువాని ప్రాణము మన రోడ్లమీద మిక్కిలి చులకనయైనది. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారము 2022లో దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో 32,825 మంది పాదచారులు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012నాటి మార్గదర్శకములలో ఫుట్‌పాత్‌మీద అడ్డులేని వెడల్పు కనీసము 1.8 మీటర్లు ఉండవలెనని చెప్పినది. 2025 మే నెలలో సుప్రీంకోర్టు, ఫుట్‌పాత్‌ను వినియోగించుకొను హక్కు రాజ్యాంగము 21వ అధికరణములోని జీవించు హక్కులో భాగమని స్పష్టము చేసినది. హక్కు కాగితముమీద ఉన్నది. వీధిలో ఉన్నదో లేదో ఇల్లు పుచ్చుకొనువాడు స్వయముగా చూచుకొనవలెను.

ఇచ్చట ఒక చేదు నిజము చెప్పక తప్పదు. మనలో కొందరికి ఎంచుకొను అవకాశమే తక్కువ. పేరు విని “ఇల్లు ఖాళీ లేదు” అను యజమానులు కలరు. ముస్లింలకు అద్దె ఇండ్లు దొరకుటలోగల కష్టమును 2006నాటి సచార్ కమిటీ నివేదిక కూడ పేర్కొన్నది. ఇది నిందింపదగిన అన్యాయము. ఈ కారణమున మనవారు అనేకులు ఇరుకైన పాత మొహల్లాలకే చేరుచున్నారు. అచ్చట మురుగు కాలువలు సరిగా లేవని, ఇండ్లు ఇరుకని సిగ్గుపడుదురు. కాని మసీదు, బజారు, బడి, వైద్యుడు, బంధువులు నడకలో దొరకు మొహల్లా పేదదైనను లోటుపడినది కాదు. దానిని విడిచి దూరపు కాలనీకి పోవుటయే ఉన్నతి అని అనుకొనరాదు. కావలసినది ఆ మొహల్లాకు కాలువలు, దీపములు, మంచి బడి తెప్పించుకొనుట. ఉద్యోగము దూరమున ఉన్నవారికి మధ్యేమార్గమును కలదు. హైదరాబాదులో 2017 నవంబరులో మెట్రో రైలు ఆరంభమైనది. మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, అమీర్‌పేట వంటి చోట్ల స్టేషనుకు పది నిమిషముల నడకలో చిన్న ఇల్లైనను, దూరపు పెద్ద ఇంటికంటె మేలు.

విద్యార్థి మిత్రులారా, అడ్వాన్సు ఇచ్చుటకు ముందు ఆ వీధిలో మూడు పర్యాయములు నడువుడు: ఉదయము బడి వేళ, మధ్యాహ్నము ఎండలో, రాత్రి ఎనిమిది గంటలకు. ఒంటరిగా పోవద్దు, ఇంటిలోని పెద్దవారినో, చెల్లెలినో వెంటబెట్టుకొని వారి అడుగులతో నడువుడు. పదిహేను నిమిషములలో పాలు, కూరగాయలు, మందుల దుకాణము, వైద్యుడు, బడి, ప్రార్థనా స్థలము, బస్సు స్టాపు, ఈ ఏడింటిలో ఎన్ని దొరకునో లెక్కింపుడు. మధ్యలో దాటవలసిన పెద్ద రోడ్డు ఉన్నదా, దాటుటకు దారి ఉన్నదా చూడుడు. అయిదుకు తక్కువ దొరకిన ఇంటిని అద్దె ఎంత చవకయైనను మరియొకసారి ఆలోచింపుడు.

కళాశాల కమిటీవారికి ఒక విన్నపము. నగరములలో స్థిరపడిన మన పూర్వ విద్యార్థులు ఎందరో కలరు. వారిచేత పేటలవారీగా నడక దూరములు, అద్దెలు, దారుల క్షేమము, ఇల్లు ఇచ్చుటకు సమ్మతించువారి వివరములు వ్రాయించి, గ్రంథాలయములో ఒక పుస్తకముగా ఉంచినచో ఏటేట బయలుదేరు విద్యార్థులకు అది దారిదీపమగును. దానికి ఖర్చు ఒక నోటు పుస్తకము, కొన్ని ఉత్తరములు మాత్రమే. మన పిల్లలకు పట్టము చేతికిచ్చి పంపుచున్నాము. అడుగుపెట్టు చోటును గూర్చి నాలుగు మాటలు కూడ చెప్పి పంపుట మన ధర్మము.