ఇంట్లో వ్యాపారం: కొలవవలసినది గదినా, సరుకునా?

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ కాలనీలలో ఇంటి ముందు గదిలోనే మిర్చి, చింతపండు, పప్పుల లావాదేవీలు సాగించే వర్తకులు కొత్త కాదు. వీరిని వేధించే ప్రశ్న ఒకటే: ఇంట్లో వ్యాపారానికీ లైసెన్సు కావాలా?

1955 నాటి కార్పొరేషన్ చట్టం 521వ సెక్షన్ ప్రకారం నిర్ణీత సరుకుల నిల్వకు, వ్యాపారాలకు లైసెన్సు తప్పనిసరి. 2007లో ఎల్.బి.నగర్, గడ్డిఅన్నారం మునిసిపాలిటీలు గ్రేటర్‌లో కలిసిన నాటి నుండి ఇక్కడా అదే చట్టం. సొంత ఇల్లయినా మినహాయింపు లేదు. జి.ఎస్.టి. నంబరు దీనికి బదులు కాదు. లైసెన్సు వచ్చినంత మాత్రాన నివాస స్థలం వాణిజ్య స్థలమైపోదు.

చిక్కంతా ఫీజు లెక్కలో ఉంది. రోడ్డు వెడల్పును బట్టి చదరపు అడుగుకు 3, 4, 6 రూపాయలు. ఇరుకు సందులో 200 చదరపు అడుగుల గదికి 600 రూపాయలు. ఆ గదిలో బ్రోకరు ఫోను, నమూనా పొట్లాలు మాత్రమే ఉన్నా, కప్పు దాకా మిర్చి బస్తాలున్నా ఫీజు ఒకటే! ఇరుగుపొరుగుకు ఘాటు, లారీల రద్దీ, అగ్ని భయం తెచ్చేది సరుకే గాని గది కాదు.

1986లో జాంబాగ్ నుండి గడ్డిఅన్నారం వచ్చిన పండ్ల మార్కెట్టు కూడా, చుట్టూ ఇళ్లు పెరిగిన పిదప, 2021లో బాటసింగారం బాట పట్టింది. భారీ సరుకుకు, నివాసాలకు పొత్తు కుదరదు.

కావున నమూనాలతో సరిపెట్టుకునేవారికి నామమాత్రపు ఫీజు, స్వయం ప్రకటన చాలుననాలి. నిల్వ పరిమితి దాటితే సరుకు గోదాముకు పోవలసిందే. అంతవరకు లైసెన్సు లేకుండా నెట్టుకురావడం వర్తకులకు శ్రేయస్కరం కాదు. పట్టుబడితే ఫీజుకు సమానమైన జరిమానా, ఆపై నెలకు 10 శాతం.