పెళ్లి తెగినా పిల్లల ఆస్పత్రి బిల్లు ఇద్దరిదీ



మన గ్రూపులో విడాకులైనవాళ్ల నుంచి రెండు రకాల మాటలు వింటున్నాం. "పాపను ఎమర్జెన్సీకి తీసుకెళ్లాను, ఆయన సగం ఇవ్వనంటున్నాడు" అని తల్లి. "ఆరు నెలల బిల్లులు ఒకేసారి పంపింది, ఎక్కడి నుంచి తేవాలి" అని తండ్రి. ఇద్దరి బాధా నిజమే. కానీ చాలాసార్లు గొడవ డబ్బు దగ్గర మొదలవ్వదు, కాగితం దగ్గర మొదలవుతుంది.

మన ఊళ్లో పెద్దమనుషుల ముందు ఒప్పుకున్న మాట మీద నడిచిపోతుంది. ఇక్కడ కోర్టు ఆర్డర్‌లో రాసిందే మాట. చేంజ్ ఆర్డర్ మీద సంతకం లేకుండా పని చేస్తే డబ్బు వస్తుందా? ఇదీ అంతే.

ఆర్డర్‌లో రెండు విషయాలు చూడండి. ఒకటి, పిల్లల ఇన్సూరెన్స్ ఎవరు తీసుకోవాలి. ఆ బాధ్యత మీ మీద పడి, కంపెనీలో ఇన్సూరెన్స్ ఉంటే, నోటీసు నేరుగా కంపెనీకే వెళ్లొచ్చు. అప్పుడు ప్రీమియం మీ జీతంలోంచే కట్ అవుతుంది. రెండు, ఇన్సూరెన్స్ పోను మిగిలింది ఎవరు ఎంత కట్టాలి. నెలనెలా కట్టే చైల్డ్ సపోర్ట్‌తో ఇది తీరిపోయిందనుకోకండి.

ఈ లెక్క ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటుంది. బిల్లు 1,200 డాలర్లు, ఇన్సూరెన్స్ 800 ఇచ్చింది, మిగిలింది 400 అనుకోండి. టెక్సస్‌లో ఎక్కువ ఆర్డర్లలో సగం సగం, అంటే చెరో 200. న్యూజెర్సీలో ఏడాదికి ఒక్కో బిడ్డ మీద మొదటి 250 డాలర్లు బిడ్డ ఎవరి దగ్గర ఉంటే వాళ్లవి. మిగిలిన 150 ఆదాయాన్ని బట్టి పంచుతారు. సంపాదన 60, 40 వంతులైతే 90, 60 అవుతుంది. కాలిఫోర్నియాలో కూడా 2024 సెప్టెంబర్ 1 నుంచి మామూలుగా ఆదాయాన్ని బట్టే.

గడువు మర్చిపోకండి. కాలిఫోర్నియా చట్టంలోనూ, టెక్సస్‌లో చాలా ఆర్డర్లలోనూ బిల్లు పంపడానికి 30 రోజులు, అందాక కట్టడానికి ఇంకో 30 రోజులు. మీ ఆర్డర్‌లో ఎంత ఉందో చూసుకోండి. బిల్లు, ఇన్సూరెన్స్ వాళ్లు ఎంత కట్టారో చూపే కాగితం, మీరు కట్టిన రసీదు, మూడూ ఫొటో తీసి మెసేజ్‌లో పంపండి. ఫోన్‌లో నోటిమాటగా చెప్పి వదిలేయకండి.

ఇంకో సంగతి. ఆర్డర్ మీ ఇద్దరి మధ్యే. ఆస్పత్రిలో సంతకం పెట్టినవాళ్లనే ఆస్పత్రి అడుగుతుంది. ముందు అక్కడ మాట్లాడుకుని, వాయిదాలైనా పెట్టించుకుని, తర్వాత అవతలివాళ్ల వాటా అడగండి.

పని పోయిందా? "తర్వాత చూద్దాం" అనొద్దు. వెంటనే ఆర్డర్ మార్చమని కోర్టులో పిటిషన్ వేయండి. పేరుకుపోయిన చైల్డ్ సపోర్ట్ బాకీని తర్వాత వెనక్కి వెళ్లి తగ్గించడానికి 1986 నుంచి ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. లాయర్‌ను పెట్టుకునే స్తోమత లేకపోతే మీ రాష్ట్రం చైల్డ్ సపోర్ట్ ఆఫీసుకు వెళ్లండి.

ఇన్సూరెన్స్ ఇద్దరికీ లేదా? ఇక్కడ పుట్టిన బిడ్డకు, ఆదాయం పరిమితిలోపు ఉంటే, మెడికెయిడ్ గానీ చిప్ గానీ వస్తుంది. అమ్మానాన్నల వీసా ఏదైనా అది బిడ్డ హక్కు.

బిల్లు కట్టలేదని బిడ్డను చూపించకుండా ఆపొద్దు. చూపించలేదని బిల్లు ఆపొద్దు. కోర్టు ఈ రెండింటినీ ముడిపెట్టదు, మనమూ పెట్టొద్దు. బిల్లు కాగితం బిడ్డ చేతికిచ్చి "మీ నాన్నకివ్వు" అని మాత్రం పంపకండి. జ్వరం వచ్చినందుకు తనదే తప్పనుకుంటుంది ఆ పసిది.

ఈ ఆదివారం మీ ఆర్డర్ తీసి ఆస్పత్రి ఖర్చుల పేజీ చదవండి. ఇంగ్లీష్ అర్థం కాకపోతే చదివి చెప్పేవాళ్లు మన గ్రూపులో ఉన్నారు, అడగడానికి సిగ్గుపడకండి.