పాటలో కనబడని క్యూ

హైదరాబాద్ శ్రీనగర్ కాలనీ సినిమా ఆఫీసుల్లో ‘ఫారిన్ సాంగ్’ అంటే ఏమిటో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. పల్లవికి హీరో హీరోయిన్లు హైదరాబాద్ సెట్లో ఉంటారు, చరణానికల్లా స్విట్జర్లాండ్ కొండ మీద తేలతారు. మధ్యలో ఇమ్మిగ్రేషన్ క్యూ ఉండదు, తప్పిపోయిన సూట్‌కేసు ఉండదు. మనలో చాలామందికి విదేశీ నగరాలతో తొలి పరిచయం ఇలాగే జరిగింది. 1979లో బాలచందర్ ‘అందమైన అనుభవం’తో సింగపూర్, 1987లో జంధ్యాల ‘పడమటి సంధ్యారాగం’తో అమెరికా మన ఊళ్లకే వచ్చేశాయి. టిక్కెట్టు కొన్నవాళ్లెవరికీ విమానం ఆలస్యం కాలేదు.

ఆ పాట తీసిన యూనిట్ కథ వేరు. విమానం ఆరు గంటలు ఆలస్యమైతే, అనుమతి తీసుకున్న వీధి ఆ రోజుకి చేజారుతుంది. హీరో కాల్‌షీట్‌లో ఒక రోజు కరిగిపోతుంది. గదుల అద్దెలు, భోజనాలు, బత్తాలు మాత్రం ఆగవు. ఆలస్యానికి ఖరీదు ఉంటుందని ప్రొడక్షన్ మేనేజర్‌కి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. మన విమానయాన నిబంధనలు రాసినవాళ్లకు అది ఇంకా తెలిసినట్టు లేదు.

ఇదే కాలనీలో మరో రకం ప్రయాణికులున్నారు. కోడలి పురిటికో, మనవడి పుట్టినరోజుకో అమెరికా బయల్దేరే అమ్మానాన్నలు. 2021 జనవరిలో హైదరాబాద్ నుంచి షికాగోకి నేరుగా విమానం మొదలైంది గానీ నిలవలేదు. కాబట్టి దుబాయ్‌లోనో, దోహాలోనో, ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో దిగి మారాలి. పిల్లలు చూపించాలనుకున్న నగరం డల్లాస్. వాళ్లు మొదట చూసే పరాయి ఊరు మాత్రం ట్రాన్సిట్‌లో ఒక గేటు, దాని ముందు ఇనుప కుర్చీలు, నిమిషానికోసారి మారే బోర్డు. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే ఆ గేటే వాళ్లకు ఆ దేశం. అక్కడ ఎవరు మంచినీళ్లిచ్చారు, ఎవరు విసుక్కున్నారు అన్నదే తర్వాత ఇరవై ఏళ్లు చెప్పుకుంటారు.

2024 ఏప్రిల్ 16న దుబాయ్ మీద వాన విరుచుకుపడింది. 75 ఏళ్ల రికార్డుల్లో అంత వాన లేదన్నారు. వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి. ఆకాశహర్మ్యాల నగరాన్ని వేలమంది ప్రయాణికులు విమానాశ్రయం నేల మీద పడుకుని చూశారు.

అంతకు ముందు ఏడాది, 2023 జూన్ 6న, ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న ఎయిర్ ఇండియా విమానం ఇంజిన్‌లో లోపం వచ్చి రష్యా తూర్పు కొసన మగదాన్‌లో దిగింది. 216 మంది ప్రయాణికులు. స్టాలిన్ కాలంలో కొలిమా నిర్బంధ శిబిరాలకు ఖైదీల్ని దింపిన రేవు పట్టణం అది. హోటల్ గదులు చాలక చాలామందిని హాస్టల్లో, బడి గదుల్లో ఉంచారు. భాష తెలియదు, తిండి పడలేదు. ముంబై నుంచి మరో విమానం వచ్చి వాళ్లను గమ్యం చేర్చేసరికి రెండు రోజులు గడిచాయి.

బడి గదుల్లో పడుకోబెట్టడమే తప్పనలేం. 2001 సెప్టెంబర్ 11న అమెరికా గగనతలం మూసేసినప్పుడు కెనడాలోని గాండర్‌లో 38 విమానాలు దిగాయి. పట్టుమని పదివేల జనాభా లేని ఊరికి ఒక్క రోజులో ఆరువేల పైచిలుకు అతిథులు. అక్కడా బళ్లలోనే పడుకోబెట్టారు. కాకపోతే సమ్మెలో ఉన్న స్కూల్ బస్సు డ్రైవర్లు సమ్మె ఆపి వచ్చారు, ఊరి ఆడవాళ్లు వండి పెట్టారు. ఆ అతిథులున్న అయిదు రోజుల మీద తర్వాత బ్రాడ్‌వేలో సంగీత నాటకమే వచ్చింది. గాండర్‌లో చూడదగ్గ రాజభవనాలేమీ లేవు.

రాజభవనం అంటే కీవ్ గుర్తొస్తుంది. ‘నాటు నాటు’ పాటని 2021 ఆగస్టులో అక్కడి మారిన్‌స్కీ ప్యాలెస్ ముందు తీశారు. ఆర్నెల్లకే యుద్ధం మొదలై ఉక్రెయిన్ గగనతలం మూతపడింది. మన విద్యార్థులు రైళ్లలో, కాలినడకన పోలండ్, రొమేనియా, హంగరీ సరిహద్దులు చేరి ఇళ్లకొచ్చారు. తెలుగు పాటతో ప్రపంచమంతా చూసిన ఆ నగరానికి ప్రయాణికుల విమానాలు ఆనాటి నుంచీ లేవు. తెరమీది మొదటి చూపుని ఎంతవరకు నమ్మాలో చెప్పడానికి ఈ ఒక్కటి చాలదా?

యుద్ధాన్నీ వాననీ ఎవరూ ఆపలేరు. ఆగిపోయిన మనిషిని ఎలా చూడాలన్నది మాత్రం చట్టంతో తేల్చవచ్చు. యూరప్ 2004లోనే 261వ నిబంధన చేసింది. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హైదరాబాద్ విమానం, కంపెనీ తప్పు వల్ల నాలుగు గంటలకు మించి ఆలస్యంగా చేరితే ఒక్కో ప్రయాణికుడికి 600 యూరోలు ఇవ్వాలి. వాతావరణం వల్ల ఆగితే డబ్బు రాదు గానీ తిండి, అవసరమైతే బస ఇవ్వాల్సిందే. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల్లో రద్దుకు పదివేల రూపాయల దాకా పరిహారం ఉంది. ఆలస్యానికి మాత్రం ఫలహారం, మరీ ఎక్కువైతే హోటల్ గది. ఎంత ఆలస్యమైనా పైసా పరిహారం లేదు. డబ్బు పోతుందన్న భయం లేనివాడికి తొందర ఎందుకుంటుంది?

2025 డిసెంబర్ మొదటి వారంలో మన దగ్గరా ఆగిపోయిన జనాన్ని అందరూ చూశారు. పైలట్ల డ్యూటీ గంటల కొత్త నిబంధనలకు సిద్ధం కాని ఇండిగో దేశమంతటా వేల విమానాలు రద్దు చేసుకుంది. శంషాబాద్ విమానాశ్రయంలో జనం సూట్‌కేసుల మీదే కూలబడ్డారు. వాళ్లలో అప్పుడే మొదటిసారి హైదరాబాద్‌లో దిగి, మరో ఊరికి మారాల్సిన విదేశీయులూ ఉండే ఉంటారు. వాళ్ల కళ్లలో మన మొదటి ముఖం చార్మినార్ కాదు, ఆ క్యూ.

డీజీసీఏ ఆలస్యానికీ ధర కట్టాలి. శంషాబాద్‌లో ఆలస్యం ఎంతో, ఎందుకో తెలుగులో కూడా చెప్పించాలి. ఈలోగా, ఈ వేసవికి అమ్మానాన్నల్ని రప్పించుకునే పిల్లలకు ఒక మాట. ఆవకాయ డబ్బా ఎంత తూగుతుందో చూసుకునే హడావిడిలో, ‘ఆలస్యానికి కారణం రాసివ్వండి, భోజనం కూపన్ ఎక్కడిస్తారు’ అని ఇంగ్లిష్‌లో రాసిన కాగితం ఒకటి నాన్న చొక్కా జేబులో పెట్టించండి.