దూడను కుట్టింది ఏ ఈగ?

పిల్లలూ, ఈ నెల నాకు వచ్చిన ఉత్తరాలలో ఒకదానితోబాటు మూడు ఫోటోలు కూడా ఉన్నాయి. ఆరవ తరగతి చదివే ఒక అమ్మాయి, వాళ్ళ అమ్మగారి సెల్ ఫోనుతో బాగా దగ్గరనుంచి తీసినవి. "మాస్టారూ, మా గేదెదూడ కాళ్ళమీద ఈగలు వాలి కుడుతున్నాయి. అది ఊరికే కాళ్ళు విదిలిస్తున్నది, పాలు కూడా సరిగా తాగటం లేదు. మా బాబాయి మటుకు, ఇవి ఇంటి ఈగలే, ఏమీ చెయ్యవు అంటున్నాడు. ఇది ఏ ఈగ?" అని రాసింది.

మొదటి ఫోటో పైనుంచి తీసింది. బూడిదరంగు ఒళ్ళు, వీపుమీద నాలుగు నల్లని చారలు. ఇంటి ఈగకు కూడా సరిగ్గా నాలుగు చారలే ఉంటాయి. కాబట్టి బాబాయిగారిని తప్పు పట్టటానికి లేదు. ఈ ఒక్క ఫోటోయే వచ్చి ఉంటే నేనూ మోసపోయేవాణ్ణే.

రెండవది పక్కనుంచి తీసింది. గుట్టు బయటపెట్టింది ఇదే. ఇంటి ఈగ నోరు మెత్తగా, కొసన స్పాంజిలాగా ఉంటుంది. బెల్లంముక్కను ఉమ్మితో కరిగించి పీల్చగలదే గాని, అది చర్మాన్ని పొడవలేదు. ఈ ఫోటోలోని ఈగకు తలకిందనుంచి ముందుకు ఒక నల్లని సూదివంటిది పొడుచుకు వచ్చింది. గోడమీద ఊరికే కూర్చున్నప్పుడు కూడా అది కనబడుతూనే ఉంటుంది. ఇది రక్తం తాగే ఈగ! శాస్త్రజ్ఞులు దీని ప్రజాతిని స్టొమాక్సిస్ అంటారు. దోమలలో ఆడవే కుడతాయి గదా. వీటిలో మగవి కూడా కుడతాయి. ఎక్కువగా పశువుల కాళ్ళనే పట్టుకుంటాయి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కుర్రవాడు "ఈగ కుట్టిందండీ" అన్నాడు. "ఈగ కుట్టటమేమిటిరా!" అని తరగతి అంతా నవ్వేటట్టు చేశాను. వాడి పిక్కమీద రక్తపుచుక్క ఉన్నది. నేను వంగి చూడలేదు.

గేదెలను కుట్టే చిన్న ఈగ మరొకటి ఉన్నది. అది సుమారు 4 మిల్లీమీటర్లే ఉంటుంది. మన అమ్మాయి తెలివిగా, మూడవ ఫోటోలో చచ్చిన ఈగను స్కేలు పక్కన పెట్టి తీసింది. అది 6 మిల్లీమీటర్లు ఉన్నది. కాబట్టి ఇది ఆ చిన్న ఈగ కాదు.

స్టొమాక్సిస్‌లో కూడా రకాలున్నాయి. అన్ని చోట్లా కనబడేదానికి కాల్సిట్రాన్స్ అని పేరు. 1758లో స్వీడను దేశపు లిన్నేయస్ పెట్టాడు. లాటిను భాషలో "తన్నేది" అని అర్థం. తన్నేది ఈగ కాదు, అది కుట్టిన పశువు! బహుశా మన ఈగ ఇదే కావచ్చు. కాని రకం తేల్చాలంటే పొట్టమీది మచ్చలు చూడాలి. మూడు ఫోటోలలోనూ రెక్కలు పొట్టను కప్పేశాయి. కనబడనిదాన్ని ఊహించి నేను పేరు పెట్టను.

అమ్మాయీ, మందు సంగతి పశువుల డాక్టరుగారిని అడగండి. ఈ ఈగలు గుడ్లు పెట్టేది పేడా, మూత్రమూ కలిసి కుళ్ళిన గడ్డిలో. గాడి కింద తడిసిన గడ్డిని రోజూ ఎత్తి, దూరంగా పలచగా పరిచి ఎండబెట్టమని బాబాయితో చెప్పు. ఉత్త మాటగా కాదు, ఆ రెండవ ఫోటో చూపించి మరీ చెప్పు. ఈసారి చచ్చిన ఈగ దొరికితే, గుండుసూదితో రెక్కలు మెల్లగా పక్కకు జరిపి ఫోటో తియ్యి. దూడ పాలు తాగుతున్నదో లేదో కూడా రాయి.