‘డోప్’ - ఒక మాట పూర్వచరిత్ర

మనుషులకు వలెనే మాటలకు కూడా జీవితచరిత్ర ఉంటుంది. మొన్న క్రీడామైదానంలో ఒక విద్యార్థి తన మిత్రుని బ్యాటింగును మెచ్చుకొంటూ “డోప్!” అని కేక వేయగా విన్నాను. అతని అభిమానం స్వచ్ఛమైనదే. కాని ఆ మాట పూర్వచరిత్ర అతనికి తెలిసి ఉండదు.

డచ్చి భాషలో ఈ మాటకు మూలమైన పదానికి, ముంచుకొని తినే పులుసు వంటి పదార్థమని అర్థం. పందొమ్మిదవ శతాబ్దంలో అది అమెరికా చేరి, చిక్కగా కాచిన నల్లమందుకు పేరయింది. ఆ శతాబ్ది చివరి నాటికి పందెపు గుర్రాలకు రహస్యంగా పెట్టే మందు కూడా ‘డోప్’ అయింది. మందమతిని సైతం అదే పేరుతో పిలిచారు. 1980ల నాటికి అమెరికా యువకుల వాడుకలో ఆ మాటే ‘అద్భుతం’ అనే ప్రశంసగా మారింది!

గుర్రాలతో ఆగిపోయి ఉంటే బాగుండేది. 1904లో సెయింట్ లూయిస్ ఒలింపిక్ మారథానులో థామస్ హిక్స్‌కు దారిలో బ్రాందీతో పాటు స్ట్రిక్నిన్ అనే విషం ఇచ్చారు. అతడు స్వర్ణపతకం పొందాడు గాని, గమ్యం చేరేసరికి సొమ్మసిల్లే స్థితిలో ఉన్నాడు. 1967లో సైకిలు పందెగాడు టామ్ సింప్సన్ ఉత్తేజకాలు పుచ్చుకొని, ఎండలో కొండ ఎక్కుతూ ప్రాణాలే కోల్పోయాడు. మరుసటి సంవత్సరం నుండి ఒలింపిక్స్‌లో పరీక్షలు మొదలైనాయి. 1988లో సియోల్‌లో వంద మీటర్లను 9.79 సెకండ్లలో పరుగెత్తిన బెన్ జాన్సన్ కీర్తి మూడు రోజులైనా నిలువలేదు.

మన భాషలకూ ఈ అనుభవం కొత్త కాదు. తెలుగులో ‘మందు’ రోగం కుదుర్చుతుంది, మత్తెక్కిస్తుంది, తుపాకిలో పేలుతుంది. పారశీకంలో ఔషధమైన ‘దారూ’ ఉర్దూలో సారాయి కూడా అయింది. ‘దవాదారూ’ అన్న జంటపదంలో మాత్రం పాత గౌరవం నిలుపుకొన్నది. మేలుకూ కీడుకూ మధ్య గీత ఎంత సన్ననిదో మన పెద్దలు ఒక్క మాటలోనే దాచి ఉంచారు.

విద్యార్థి మిత్రులారా! మాట మారినంత మాత్రాన వస్తువు గుణం మారదు. పరీక్షల ముందు రాత్రి నిద్రను చంపే మాత్ర అయినా, ఎంపిక పోటీల ముందు ఎవరో చాటుగా అందించే సూది అయినా అప్పు తెచ్చిన బలమే. దానికి వడ్డీ శరీరమే చెల్లించాలి. ఏడాది పొడుగునా తెల్లవారుజామున లేచి సాధన చేసిన మిత్రుని విజయం అతని చెమట ఫలం. దానిని మందు పేరుతో పొగడడం అతని శ్రమను తక్కువ చేయడమే. “భేష్” అనండి, “శభాష్” అనండి. ఆ మాటలలో ఏ మందూ కలియలేదు.